నలభై ఆరుకి నలభై ఆరు

మార్చి 4, మంగళవారం

కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్చులు వచ్చాయి. నలభై ఆరు డబ్బాలు. పరిశోధన సంస్థ కింది అంతస్తులో స్టోర్ గది ఇచ్చారు, అందులో దింపించాను. సంతకం పెట్టాను.

కేబుల్ మేస్త్రీ వచ్చారు, వెంట ఆయన కూతురు. ఈ భవనంలో పాత తీగలన్నీ లాగింది ఆయనే. అరవై దాటినా నిచ్చెన మాత్రం కూతురికి ఇవ్వరు. ఆమెకు ముప్పై ఉంటాయి, డ్రిల్లు ఆమె చేతిలో ఉంటుంది.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నారు. అక్కర్లేదని చెప్పాను.

"డబ్బా విప్పండి, ర్యాక్‌లో బిగించండి, గోడ మీది కేబుల్ తగిలించండి, కరెంటు ఇవ్వండి. మిగతాది అదే చేసుకుంటుంది మేస్త్రీ గారూ."

"అదే అంటే?"

"కొత్త పెట్టెలో ఏమీ ఉండదు. మొదటిసారి ఆన్ కాగానే, నేనెవర్ని, నా పనేమిటి అని ఆ కేబుల్లో అడుగుతుంది. ఆ ప్రశ్న ఏ గది నుంచి వచ్చిందో నా సర్వర్ చూసి ఆ గది ఫైలు పంపుతుంది. పెట్టె దాన్ని దాచుకుని ఆ ప్రకారం నడుస్తుంది. ఆరు నిమిషాలు."

"ఏ డబ్బా ఏ గదికని చీటీలు అంటించొద్దా?"

"వద్దు. అన్నీ ఒకటే. ఎక్కడ తగిలిస్తే అక్కడిది అవుతుంది."

మేస్త్రీ ఒక డబ్బా తిప్పి చూశారు. "ఇల్లరికపు అల్లుడన్నమాట. ఏ ఇంట్లో కూర్చోబెడితే ఆ ఇంటి పద్ధతి."

"అల్లుడైతే మూడో రోజుకి ఎదురు మాట్లాడతాడు నాన్నా," అంది కూతురు.

పాత పద్ధతిలో మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక్కోదాని ముందు నలభై నిమిషాలు కూర్చోవాలి. కొత్త పద్ధతి రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అందులో చివరి నెల ఎలా రాశానో గుర్తులేదు. పనిచేస్తోంది మాత్రం.

అత్తయ్య కొడుకు వెళ్లిపోయి ఇవాళ్టికి ముప్పై ఏడు రోజులు. ఆయన, మా ఆయన అని రాస్తుంటే ఎవరి గురించి రాస్తున్నానో అర్థం కావడం లేదు. అందుకని ఇలా రాస్తున్నాను. అత్తయ్య వెళ్లలేదు. ఆమె బట్టల పెట్టె గదిలో మంచం కిందే ఉంది. ఎందుకు ఉండిపోయారని నేను అడగలేదు.


మార్చి 5, బుధవారం

ఒకటో అంతస్తు. తొమ్మిది పెట్టెలు. నేను ఆఫీసులో తెర ముందు కూర్చున్నాను. తెర మీద నలభై ఆరు గడులు. ఒక్కో పెట్టె ఫైలు తీసుకోగానే ఒక గడి బూడిద రంగు నుంచి ఆకుపచ్చకి మారుతుంది.

చూస్తూ ఉంటే టీ చల్లారింది. అలాగే తాగాను.


మార్చి 7, శుక్రవారం

మేస్త్రీ ఫోన్. సామాన్ల లిఫ్టు తాళం సెక్యూరిటీ వాళ్లు ఇవ్వడం లేదని. చెప్పించాను. ఇచ్చారు.

అత్తయ్య ఫోన్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో చదరంగం ఆడుతోంది.

"వీడు మంత్రిని పోగొట్టుకున్నాడమ్మాయ్. అయినా ఆడుతున్నాడు, సిగ్గు లేకుండా."

"ఆడక ఏం చేస్తాడు?"

"లేచి వెళ్లి ఇంత తిండి తినొచ్చుగా. నువ్వూ తినొచ్చు."

తిన్నాను.


మార్చి 8, శనివారం

అత్తయ్య కొడుకు వచ్చాడు. పుస్తకాల అర తీసుకెళ్తానన్నాడు. గోడకి బిగించిన అర, ఎనిమిది స్క్రూలు. స్క్రూడ్రైవర్ ఎక్కడుందని అడిగాడు. చెప్పాను. అర మీద పడకుండా రెండో చివర నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

అత్తయ్య తన గదిలోంచి రాలేదు. తలుపు మాత్రం తీసే ఉంది.

ఐదో స్క్రూ దగ్గర మేస్త్రీ ఫోన్. చేతులు ఖాళీ లేవు, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను. డబ్బాల గురించి ఏదో. సరే అన్నాను.

గోడకి ఎనిమిది కన్నాలు.


మార్చి 9, ఆదివారం

ఏమీ లేదు.


మార్చి 14, శుక్రవారం

సాయంత్రం నాలుగింటికి నాలుగో అంతస్తులో ఆఖరి గది పూర్తయింది. నలభై ఆరుకి నలభై ఆరు. అన్ని గడులూ ఆకుపచ్చ. అందరికీ ఒక లైను మెయిల్ పెట్టాను.

మేనేజర్ నా కుర్చీ దాకా వచ్చారు. "పది రోజులు! పాత పద్ధతిలో అయితే నెలన్నర సాగదీసేవాళ్లం. మిగతా మూడు భవనాలకీ ఇదే పెట్టేద్దాం. మీకేమైనా కావాలంటే అడగండి, ఇప్పుడే అడగండి, రేపు నా మూడ్ మారిపోతుంది."

ఏమీ వద్దన్నాను.

బాగుందనిపించాలి. రాసి పెడుతున్నాను, తర్వాత అనిపిస్తుందేమో.


మార్చి 18, మంగళవారం

అత్తయ్య గోడ కన్నాల్లో సబ్బు కూరింది. దూరం నుంచి కనబడవు.


మార్చి 24, సోమవారం

జరిగినవి జరిగినట్టు.

శనివారం మధ్యాహ్నం 3:10కి మూడో అంతస్తు ప్రయోగశాలలో ఒక ఫ్రీజర్ ఆగిపోయింది. మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఫ్రీజర్. చల్లదనం తగ్గిన నిమిషంలో కింద సెక్యూరిటీ గదిలో అలారం మోగాలి. మోగలేదు. సెక్యూరిటీ గదిలో ఆ రెండు రోజులూ మనుషులు ఉన్నారు. ఇవాళ ఉదయం 8:40కి పరిశోధకురాలు తలుపు తీసేసరికి లోపల ప్లస్ పదహారు. నలభై ఒకటిన్నర గంటలు.

లోపల ఉన్నది రక్తం. ఎప్పుడో మూతపడిన ఒక రంగుల కర్మాగారంలో పనిచేసిన వాళ్లది. పంతొమ్మిదేళ్లుగా ఏటా వాళ్ల ఇళ్లకి వెళ్లి తీసుకొచ్చింది. 1,912 చిన్న గొట్టాలు. వాళ్లకి వచ్చిన జబ్బులు ఆ రంగుల వల్లే వచ్చాయని చూపించడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

మేనేజర్‌తో కలిసి పైకి వెళ్లాను. పరిశోధకురాలు ఫ్రీజర్ ముందు స్టూలు మీద కూర్చుని ఒక్కో గొట్టం తీసి, చీటీ చదివి, వెలుతురుకి పెట్టి చూసి, పక్కన పెడుతున్నారు. ఏడవడం లేదు. నలభై గొట్టాల దాకా చూశారు అప్పటికి.

"మళ్లీ తీసుకోవడం కుదరదా మేడమ్?" అన్నారు మేనేజర్.

"ఎవరి దగ్గర? మూడోవంతు మనుషులు లేరు."

తర్వాత నన్ను చూశారు. "మీరు నెట్‌వర్కా? అలారం పెట్టె లైటు వెలుగుతూనే ఉందండి. నేను శనివారం పన్నెండింటికి వెళ్లేటప్పుడు చూసే వెళ్లాను. ఆకుపచ్చ."

అలారం కేబుల్ స్విచ్‌లో పంతొమ్మిదో పోర్టులో ఉంది. అక్కడా లైటు వెలుగుతోంది. ఆకుపచ్చ.


మార్చి 25, మంగళవారం

సర్వర్ లాగ్ తీశాను. ఏ ఫైలు ఎప్పుడు ఎన్నిసార్లు వెళ్లిందో అందులో ఉంటుంది.

స్టోర్ గది ఫైలు నాలుగుసార్లు వెళ్లింది. ఒకసారే వెళ్లాలి. మూడు గదుల ఫైళ్లు ఒక్కసారి కూడా వెళ్లలేదు. మొత్తం కూడితే నలభై ఆరే. నేను మొత్తమే చూశాను. తెర అలా తయారుచేసింది కూడా నేనే.

అంటే మూడు పెట్టెల్ని పైకి తీసుకెళ్లే ముందు స్టోర్ గదిలోనే ఆన్ చేశారు. అక్కడ ఆన్ చేస్తే అవి స్టోర్ గది పెట్టెలు అయిపోతాయి. ఒకసారి ఫైలు దాచుకున్న పెట్టె తర్వాత ఎక్కడికి తీసుకెళ్లినా మళ్లీ అడగదు. స్టోర్ గది ఫైల్లో అలారం కబురు సెక్యూరిటీ గదికి చేరే దారి లేదు, అక్కడ ఫ్రీజర్ ఎందుకుంటుంది. మిగతా కంప్యూటర్లన్నీ మామూలుగా నడుస్తాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మూడింటిలో రెండు మామూలు ఆఫీసు గదులకి వెళ్లాయి. ఒకటి ప్రయోగశాలకి వెళ్లింది.

మార్చి 8. 11:04, 11:15, 11:27.

ఈ పుస్తకంలో ఆ తేదీ వెనక్కి తిప్పి చూడలేదు.


మార్చి 26, బుధవారం

మేస్త్రీకి ఫోన్ చేశాను.

"ఆ మూడూనా మేడమ్? మూలలు నొక్కుకుపోయి వచ్చాయి కదా. పైకి మోసి, బిగించి, అప్పుడు పాడైందని తేలితే మళ్లీ దింపాలి. అందుకని కిందే బల్ల మీద పెట్టి, గోడ కేబుల్ తగిలించి లైటు వస్తోందా లేదా చూశాం. బాగానే వచ్చింది. మీకు చెప్పే చేశాను కదా."

"నాకెప్పుడు చెప్పారు?"

"శనివారం పొద్దున. ఫోన్ చేశాను."

"శనివారం మీరు లిఫ్టు తాళం గురించి చేశారు."



"లిఫ్టు తాళం... అది శుక్రవారం అనుకుంటా మేడమ్."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి మేస్త్రీ గారూ."

నా గొంతు మామూలుగానే ఉంది. నేనే విన్నాను.

చెప్పి ఉంటే వద్దనే దాన్ని. వద్దనలేదు. కాబట్టి చెప్పలేదు.


మార్చి 27, గురువారం

నివేదిక రాశాను. రెండు పేజీలు. ఒక్క వాక్యానికి గంట పట్టింది. మొదట, 'స్విచ్చులను ముందుగా స్టోర్ గదిలో ఆన్ చేస్తున్నట్టు సిబ్బంది నెట్‌వర్క్ విభాగానికి తెలియజేసిన రికార్డు లేదు' అని రాశాను. అది నిజం.

మేనేజర్ చదివారు. "రికార్డు లేదంటే? చెప్పారా, చెప్పలేదా?"

"చెప్పలేదు."

"అయితే అలాగే రాయండి. ఇలా రాస్తే ఏదో దాస్తున్నట్టుంటుంది."

మార్చాను. 'తెలియజేయలేదు.'

ఒకసారి ఆన్ చేస్తే పెట్టె మళ్లీ అడగదన్న సంగతి మేస్త్రీకి మొదటిరోజు చెప్పానా? చెప్పే ఉంటాను.


మార్చి 28, శుక్రవారం

చెప్పలేదు. ఆయన నాకు చెప్పలేదు.


మార్చి 31, సోమవారం

విచారణ. సంస్థ పరిపాలనాధికారి, మా మేనేజర్, పరిశోధకురాలు, మేస్త్రీ, ఆయన కూతురు, నేను. పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, ఎవరూ మూత తీయలేదు.

మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. జేబులోంచి బటన్ల ఫోన్ తీసి పరిపాలనాధికారి ముందు పెట్టారు. "చూడండి సార్. మార్చి ఎనిమిది, పది యాభై రెండు. నిమిషం నలభై సెకన్లు. మేడమ్‌కే."

పరిపాలనాధికారి నన్ను అడిగారు. "ఏం మాట్లాడారు?"

"సామాన్ల లిఫ్టు తాళం గురించి. సెక్యూరిటీ వాళ్లు ఇవ్వడం లేదన్నారు. చెప్పిస్తానన్నాను."

మాటలన్నీ జరిగినవే. రోజు ఒక్కటే వేరు.

"ముందురోజు కూడా మీకు కాల్ ఉంది," అన్నారు ఆయన ఫోన్ చూస్తూ.

"రెండు రోజులూ అదే విషయం."

మేస్త్రీ నా వైపు చూశారు. కోపంగా కాదు. కొలత తప్పిందేమోనని టేపు మళ్లీ పెట్టి చూసే మనిషిలాగా చూశారు.

"లేదు నాన్నా," అంది కూతురు. "నేను పైన ర్యాక్ బిగిస్తున్నాను. నువ్వు మెట్లెక్కి వచ్చి, మేడమ్ సరే అన్నారు, బల్ల మీద పెట్టి చూద్దాం పద అన్నావు."

"అంటే ఫోన్లో ఏం మాట్లాడారో మీరు వినలేదు," అన్నారు మా మేనేజర్.

"వినలేదు. కానీ మా నాన్న చెప్పని మాట చెప్పానని..."

"ఊరుకోవే," అన్నారు మేస్త్రీ. "మేడమ్ అంత నిలకడగా చెబుతున్నారు కదా. మేడమ్‌కి అబద్ధం చెప్పాల్సిన పనేముంది? నేనే కలగాపులగం చేస్తున్నానేమో. చెబుదామనుకుని ఉంటాను. అనుకున్నది చెప్పేశాననుకుని ఉంటాను."

"అలా జరుగుతుంటుందా మీకు?" అన్నారు పరిపాలనాధికారి.

"ఇప్పటిదాకా లేదు సార్."

పరిశోధకురాలు చివర్లో ఒక్కసారే మాట్లాడారు. "ఎవరి తప్పని తేలినా నా గొట్టాలకి తేడా పడదు. జరిగింది జరిగినట్టు రాయండి, అంతే. నేను పంతొమ్మిదేళ్లు చేసింది అదే."

బయటికొచ్చాక మా మేనేజర్ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయారు. "బాగా హ్యాండిల్ చేశారు," అన్నారు.


ఏప్రిల్ 2, బుధవారం

మేస్త్రీ సంతకం పెట్టారు. 'సమాచారం ఇవ్వడం మరిచిపోయాను' అని. ఇక సంస్థ నాలుగు భవనాల్లోనూ ఆయనకి పని ఉండదు. నాలుగింట్లోనూ తీగలు ఆయన లాగినవే.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు.

"సంతకం పెట్టేశాను మేడమ్. నా మతిమరుపు వల్ల మిమ్మల్ని కూడా అందరి ముందూ నిలబెట్టాను. ఏమనుకోకండి."

"పర్వాలేదు," అన్నాను.


ఏప్రిల్ 3, గురువారం

పర్వాలేదు అన్నాను.


ఏప్రిల్ 5, శనివారం

ఉదయం అత్తయ్య కూరగాయలు తరుగుతూ అడిగింది. "మీ ఆఫీసులో ఏదో గొడవన్నావు, తేలిందా?"

చెప్పాను. ఫ్రీజర్, మూడు పెట్టెలు, మేస్త్రీ సంతకం. క్లుప్తంగా చెప్పాను, నివేదికలో ఉన్నట్టే.

కత్తి ఆగింది. "అర విప్పుకుపోయిన రోజు నీకు ఫోన్ చేశాడే, ఆయనేనా?"

"ఆ రోజు లిఫ్టు తాళం గురించి చేశారు."

"లిఫ్టా? మూడు డబ్బాల మూలలు నొక్కుకుపోయాయి, పైకి మొయ్యకముందు బల్ల మీద పెట్టి చూసుకుంటాం, మీరు సరేనంటేనే అన్నాడు. నువ్వు సరే సరే అన్నావు. స్పీకర్లో పెట్టావుగా. పక్కింటికి కూడా వినపడి ఉంటుంది."

"ఆయన చెప్పలేదు అత్తయ్యా."

"సరే. చెప్పలేదు."

మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

"నా కొడుకూ అంతే. నేను చూడలేదు, నాకు చెప్పలేదు, నాకు గుర్తులేదు. చిన్నప్పటి నుంచీ. ఎదుటివాళ్లకే పిచ్చెక్కిందేమో అనిపిస్తాడు. వాడి మాటలు విని విని గ్యాస్ కట్టేశానా లేదా అని నేను మూడుసార్లు లేచి చూసుకునేదాన్ని."

నేను పొయ్యి వైపు చూశాను.

"వాడితో వెళ్లకుండా ఇక్కడెందుకున్నానో నువ్వు ఒక్కసారీ అడగలేదు."

"ఎందుకున్నారు?"

"ఇప్పుడడక్కు," అంది. ముక్కలు గిన్నెలోకి తోసింది.

మధ్యాహ్నం ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. మార్చి 8. 'డబ్బాల గురించి ఏదో. సరే అన్నాను.' నా చేతిరాతే. లిఫ్టు తాళం మార్చి 7న ఉంది. అదీ నా చేతిరాతే. మార్చి 4న మేస్త్రీకి చెప్పినవన్నీ ఉన్నాయి. మళ్లీ అడగదన్న మాట లేదు.


ఏప్రిల్ 6, ఆదివారం

అరకి రెండో చివర పట్టుకుని ఉన్నాను. వినలేదు. వినకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు.

వినలేదని రాయొచ్చు. అబద్ధం చెప్పినట్టు అవదు.

అవుతుంది.


ఏప్రిల్ 8, మంగళవారం

మేస్త్రీ కూతురు ఆఫీసుకి వచ్చింది. గేటు పాసులు తిరిగి ఇవ్వాలి, నెట్‌వర్క్ విభాగం సంతకం కావాలి. నాలుగు భవనాలవీ, ఇద్దరివీ, ఎనిమిది పాసులు. నా బల్ల మీద వరసగా పెట్టింది.

"నాన్నగారు ఎలా ఉన్నారు?"

"ఉన్నాడు."

సంతకానికి పెన్ను తీశాను. రాయలేదు. ఆమె చూస్తూ నిలబడింది.

"డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను," అంది. "తనే వెళ్దామన్నాడు. గడియారం బొమ్మ గీయించారు. వందలోంచి ఏడు, మళ్లీ ఏడు తీసేస్తూ రమ్మన్నారు. అన్నీ గడగడా చెప్పాడు. ఆవిడ నాకన్నా స్పీడుగా చేస్తున్నారే అంది కూడా. ఏ జబ్బూ లేదంది."

"మంచిదే కదా."

"ఆయన నమ్మడు మేడమ్. 'నాకు అంత స్పష్టంగా గుర్తుందే. నా నోటితో నేను చెప్పిన మాటలు, ఆవిడ సరే అనడం. అది జరగనే లేదంటే ఇంక నా బుర్రలో దేన్ని నమ్మను' అంటాడు. బండి తాళాలు తనే తీసి నా చేతిలో పెట్టాడు. మొన్న ఒక ఇంట్లో ఫ్యాను పని ఒప్పుకున్నాం. మెయిన్ కట్టేశానా, కట్టేశానా అని నన్ను నాలుగుసార్లు అడిగాడు. కట్టేసింది ఆయనే. తర్వాత నిచ్చెన దిగి, నువ్వెక్కు అన్నాడు."

ఆమె గొంతు కూడా మామూలుగానే ఉంది.

"నేను తగువుకి రాలేదు. ఆరోజు ఫోన్లో మీరేం విన్నారో నాకు తెలియదు. సంతకం పెడితే వెళ్తాను."

ఎనిమిది చోట్ల పెట్టాను.


ఏప్రిల్ 9, బుధవారం

వంద. తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై తొమ్మిది. డెబ్భై రెండు. అరవై ఐదు.


ఏప్రిల్ 10, గురువారం

పదింటికి మేనేజర్ గదికి వెళ్లాను. నిలబడే చెప్పాను. మార్చి ఎనిమిదిన మేస్త్రీ ఫోన్ చేసి ఆ మూడు పెట్టెల సంగతి చెప్పారు, అనుమతి అడిగారు, సరే అన్నాను. నా నివేదికలో అది తప్పు.

ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

"ఆ ఫైలు మూసేశాం."

"తెరవాలి."

"మేస్త్రీ సంతకం పెట్టాడు కదండీ. తనే ఒప్పుకున్నాడు. మీరెందుకు తవ్వుకుంటున్నారు? ఇంట్లో ఏవో ఇబ్బందులున్నాయని విన్నాను. నాలుగు రోజులు సెలవు పెట్టండి."

"నేను చెప్పలేదన్నాను కాబట్టి ఆయన ఒప్పుకున్నారు."

"ఇప్పుడెలా గుర్తొచ్చింది మీకు?"

ఇక్కడ నాకు రెండు జవాబులున్నాయి. మర్చిపోయాను, ఇప్పుడు గుర్తొచ్చింది అనొచ్చు. ఆయనా అదే అనమన్నట్టు చూశారు.

"మర్చిపోలేదు. ఫోన్ వచ్చిందని, డబ్బాల గురించి అని తెలుసు. పూర్తిగా వినలేదు. వినకుండానే సరే అన్నాను. లిఫ్టు తాళం మాట కావాలని చెప్పాను."

"ఇదంతా రాసిస్తారా? రాసిస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలియదు."

రాశాను. పదకొండు లైన్లు. తెర మీద గదుల్ని కాకుండా మొత్తాన్ని లెక్కపెట్టేలా తయారుచేసింది నేనేనని కూడా రాశాను. ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ అడగదని సిబ్బందికి చెప్పలేదని కూడా. ఒక ప్రతి పరిపాలనాధికారికి, ఒకటి పరిశోధకురాలికి ఇచ్చాను. ఆవిడ స్టూలు మీదే ఉన్నారు, ఫ్రీజర్ ఖాళీగా ఉంది. చదివారు. "తేదీ వెయ్యలేదు మీరు," అన్నారు. వేశాను. పిన్ను గుచ్చి మిగతా కాగితాల్లో పెట్టుకున్నారు.

మూడింటికి నా సర్వర్ పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. నాలుగింటికి విధుల నుంచి తప్పించినట్టు కాగితం ఇచ్చారు. తుది నిర్ణయం తర్వాత తెలుపుతారట.

అత్తయ్యకి చెప్పాను. "టీ పెట్టనా?" అంది.


ఏప్రిల్ 11, శుక్రవారం

ఉదయం తొమ్మిదింటికి మేస్త్రీకి ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు.

"మేస్త్రీ గారూ, మార్చి ఎనిమిదిన మీరు నాకు చెప్పారు. డబ్బాల మూలలు, బల్ల, అన్నీ చెప్పి అనుమతి అడిగారు. నేను సరే అన్నాను. తర్వాత, చెప్పలేదని అబద్ధమాడాను. నిన్న ఆఫీసులో రాసిచ్చాను."

అవతల ఎక్కడో కుళాయి నీళ్లు పడుతున్నాయి. ఎవరో కట్టేశారు.

"చెప్పానా?"

"చెప్పారు."

"శనివారమే?"

"శనివారమే."

"మరి లిఫ్టు తాళం?"

"అది శుక్రవారం. మీరన్నదే నిజం."

"మూడు డబ్బాలు అని లెక్కతో సహా చెప్పానా మేడమ్? నాకు అలా గుర్తు."

అవునని అనబోయాను. "లెక్క నేను వినలేదు. మా అత్తగారు విన్నారు. మూడనే చెప్పారట."

"మూడే," అన్నారు. "మూడే చెప్పాను."

తిడతారనుకున్నాను. పని గురించి అడుగుతారనుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అవేవీ అడగలేదు.

"మా అమ్మాయికి ఇస్తున్నాను. దానికి చెప్పండి."

ఫోన్ చేతులు మారింది. మొదటి నుంచి మళ్లీ చెప్పాను.

"ఇంకోసారి చెప్పండి," అంది కూతురు. "స్పీకర్లో పెడుతున్నాను. అమ్మ కూడా వినాలి."

మూడోసారి మొదలుపెట్టాను. మార్చి ఎనిమిది, శనివారం, పది యాభై రెండుకి మేస్త్రీ గారు నాకు ఫోన్ చేశారు.

"పది యాభై రెండు కాదు మేడమ్," అని ఆయన గొంతు వెనక నుంచి అందుకుంది. "ఈ ఫోన్లో టైము రెండు నిమిషాలు ముందుంటుంది. పది యాభై."

"పది యాభైకి," అన్నాను. మొదటి నుంచి చెప్పాను.